మీ ఈమెయిల్ అడ్రస్ మీదేనా?

ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతారు. రోజూ వాడే ఈమెయిల్ అడ్రసే ఇస్తారు. సబ్మిట్ నొక్కగానే ‘ఇన్‌వ్యాలిడ్ ఈమెయిల్’ అంటూ ఎర్రక్షరాలు ప్రత్యక్షం! అడ్రస్ పనిచేస్తూనే ఉంది. మరి తప్పెక్కడ? చాలాసార్లు ఆ సైటు ప్రోగ్రామ్‌లోనే.

ఈమెయిల్ అడ్రస్‌ను రెండుగా విడదీసేది ‘@’ గుర్తు. 1971లో నెట్‌వర్క్ మెయిల్ కోసం రే టామ్లిన్సన్ దీన్ని ఎంచుకున్నారు. దీనికి ఎడమవైపు 64 క్యారెక్టర్ల దాకా ఉండొచ్చు. అక్షరాలు, అంకెలు, చుక్కలే కాదు... ప్లస్ గుర్తు, అపాస్ట్రఫీ కూడా నిబంధనల ప్రకారం చెల్లుతాయి. కొందరు ప్రోగ్రామర్లు వీటిని గేటు దగ్గరే ఆపేస్తారు. జీమెయిల్‌లో పేరు చివర ప్లస్ పెట్టి ఏ మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. సైటుకో మాట చేర్చి ఇస్తే మీ అడ్రస్‌ను ఎవరు బయటపెట్టారో పట్టేయొచ్చు. ఆ సౌకర్యం కాస్తా ఇలా పోతుంది.

కుడివైపుదీ అదే కథ. చివరి డాట్ తర్వాత రెండు మూడు అక్షరాలే ఉండాలన్నది కొందరి లెక్క. 2001లో డాట్ ఇన్ఫో, డాట్ మ్యూజియం వచ్చినప్పుడే దానికి కాలం చెల్లింది. ఇప్పుడు తెలుగు లిపిలో డాట్ భారత్ కూడా ఉంది!

అసలు చిక్కు మరోటుంది. రూపం సరిగ్గా ఉన్నంత మాత్రాన అడ్రస్ మీదని కాదు. పేరులో ఒక్క అక్షరం తప్పు కొట్టినా ప్రోగ్రామ్ ‘ఓకే’ అనేస్తుంది. మీ హాల్‌టికెట్టో, బ్యాంకు స్టేట్‌మెంటో ముక్కూమొహం తెలియనివారి ఇన్‌బాక్స్‌కు చేరుతుంది.

అందుకే తెలిసిన ప్రోగ్రామర్లు ‘@’ ఉందా, దానికి రెండువైపులా ఏమైనా ఉందా అని మాత్రమే చూస్తారు. తర్వాత ఆ అడ్రస్‌కే ఓ లింకు పంపుతారు. దాన్ని క్లిక్ చేస్తేనే ఖాతా ఖాయం. అప్పటిదాకా సొంత వివరాలేవీ ఆ అడ్రస్‌కు పంపరు. ఇంతకు మించిన పరీక్ష లేదు.

మీరు చేయాల్సిందీ కొంత ఉంది. అడ్రస్‌ను కాపీ చేసి పేస్ట్ చేస్తే చివర ఖాళీ మిగిలిందేమో చూడండి. ‘మళ్లీ టైప్ చేయండి’ అన్న చోట కాపీ కొట్టకండి, తప్పు కూడా కాపీ అవుతుంది. లింకు రాకపోతే స్పామ్ ఫోల్డర్ వెతకండి. మీరు అడగని లింకు వస్తే మాత్రం క్లిక్ చేయొద్దు. ఎవరో మీ అడ్రస్ ఇచ్చి ఉండొచ్చు, మోసమూ కావచ్చు!