కంప్యూటరునకు నకలు ప్రతి

అచ్చు యంత్రము లేని కాలమున తాటియాకులపై లేఖకులును, కాగితములపై కాతిబులును ప్రతులు వ్రాసి విద్యను నిలిపిరి. నేడు మన ఉర్దూ, తెలుగు రచనలు కంప్యూటరు డిస్కులలో నున్నవి. ఏ డిస్కైనను ఒకనాడు చెడక మానదు.

ఫైళ్లను దాచుకొనిన చాలునని కొందరందురు. సిస్టము డ్రైవు చెడినచో విండోసును, ఫాంట్లను, కీబోర్డు అమరికలను తిరిగి నెలకొల్పుటకే ఎంతో కాలము వ్యర్థమగును. క్లోనింగు వలన డ్రైవు యావత్తు వేరొక డిస్కుపైకి యథాతథముగా చేరును. దానిని పాతదాని స్థానమున అమర్చి కంప్యూటరును నడుపవచ్చును. ఇమేజి యనగా డ్రైవు నంతటిని కుదించి ఫైళ్లుగా భద్రపరచుట. పలు తేదీల ఇమేజీలను ఒకే డిస్కులో నుంచవచ్చును.

అయితే డ్రైవులోని వైరసు నకలులోనికిని వచ్చును. 2017 మే నెలలో వానాక్రై బ్రిటను ఆసుపత్రుల కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి సొమ్ము కోరినది. కావున పాత తేదీల ఇమేజీలను చెరుపరాదు. నకలు డిస్కును పని ముగియగానే విడదీసి వేరొక చోట నుంచవలెను.

క్లోనెజిల్లా ఉచితముగా లభించును. పాలక సంఘమువారు ల్యాబునకు రెండు డిస్కులు సమకూర్చవలెనని మా మనవి. విద్యార్థి సోదరులు, సోదరీమణులు ఒకదానిపై ఇమేజి తీసి, రెండవదానిపై తిరిగి నింపి పరీక్షింపవలెను. పరీక్షింపని నకలును ఆపదలో నమ్ముటెట్లు?