ఎవరి యుద్ధం?

శామీర్‌పేట దాటి రాజీవ్ రహదారి మీద అలియాబాద్ చౌరస్తాకు వస్తే, పాతబస్తీలో ఇదే పేరున్న దర్వాజా గుర్తుకొస్తుంది. రెంటికీ చుట్టరికం పేరు వరకే. ఆ దర్వాజా నిలిచిన నగరపు గోడ సంగతి మాత్రం తమాషాగా ఉంటుంది. 1687లో గోల్కొండను ఔరంగజేబు ఫిరంగులు పడగొట్టలేదు. ఎనిమిది నెలల ముట్టడిలో వానలకు, కరువుకు, రోగాలకు బయటున్న మొఘల్ దండే నలిగిపోయింది. చివరికి అబ్దుల్లా ఖాన్ పన్నీ లంచం పుచ్చుకుని లోపలి నుంచి తలుపు తీశాడు. అబ్దుల్ రజాక్ లారీ ఒళ్లంతా గాయాలతో కూలేదాకా కొట్లాడాడు. ఇద్దరూ తిన్నది గోల్కొండ సుల్తాను తానీషా ఉప్పే. ఇంత జరిగాక కూడా తర్వాతి కాలపు సుబేదారు ముబారిజ్ ఖాన్ హైదరాబాద్ చుట్టూ ఇంకో గోడ మొదలుపెట్టాడు! మొదటి నిజాం దాన్ని పూర్తిచేశాడు.

ఏడో నిజాంకు గోడలకు మించిన హంగులుండేవి. సొంత నోటు, సొంత రైలు, సుమారు 22 వేల సైన్యం, పైన కాసిం రజ్వీ నడిపిన రజాకార్ల దండు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ పాకిస్తాన్ నుంచి విమానాల్లో ఆయుధాలు చేరవేసేవాడు. భారత్‌లో కలవనన్న నిజాం మీదికి 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం సరిహద్దు దాటింది. 17న నిజాం చేతులెత్తేశాడు, 18న అతని సేనాపతి ఎల్ ఇద్రూస్ భారత సైన్యపు జనరల్ చౌదరికి లొంగిపోయాడు.

టాంకుల ముందు ఓడిపోవడంలో వింత లేదు. ఒక్క పల్లె కూడా రాజు కోసం దారికి అడ్డంపడకపోవడమే ఆలోచించాల్సిన సంగతి. అవే పల్లెలు 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాక వడిసెలలు, రోకళ్లు, కారప్పొడితో రాజ్యాన్నే ఎదిరించాయి. పంతం భూమి మీద, వెట్టి మీద. దొర గడీని కాపాడటానికి వెట్టిచాకిరీ చేసినవాడు ప్రాణం ఎందుకు పెడతాడు? హైదరాబాద్ చుట్టుపక్కల సర్ఫ్-ఎ-ఖాస్ నేల శిస్తయితే నేరుగా నిజాం సొంత ఖజానాకే పోయేది.

పల్లెల్లో మొదలైన ఆ సాయుధ పోరాటం 1951 అక్టోబరు దాకా సాగింది. ఈలోగా జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. పోరాటం ఆగడానికి సైన్యం గాలింపులు ఎంత పనిచేశాయో, భూమి చేతికొస్తుందన్న ఆశ కూడా అంతే పనిచేసిందని నా అంచనా.

జనం తమది కాదనుకున్న ఆ అయిదు రోజుల యుద్ధానికి మూల్యం మాత్రం జనమే చెల్లించారు. తుపాకీ ముట్టని ముస్లిం కుటుంబాలెన్నో రజాకార్ల పాపానికి బలయ్యాయి. నెహ్రూ పంపిన పండిట్ సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం ఆ రోజుల్లోనూ, ఆ తర్వాతా చనిపోయినవారు 27 వేల నుంచి 40 వేల మంది. ఆ నివేదికను అప్పటి ప్రభుత్వం బయటపెట్టలేదు.