స్ప్రింగు మార్చే ముందు

అమెరికాలో ఇసుక తిన్నెల మీద, అడవి బాటలలో నడిపే ‘సైడ్ బై సైడ్’ తేలిక వాహనంలో సీట్లు పక్కపక్కనే ఉంటాయి. కొన్న కొన్నాళ్లకే దాని సస్పెన్షన్ మార్చాలన్న కోరిక యజమానికి కలగడం సహజం. కాని మారుభాగాలలో దేని ధర్మం దానిదే.

స్ప్రింగు బరువు మోస్తుంది. షాక్ అబ్జార్బరు ఆ స్ప్రింగు ఊగిసలాటను అణచి, ఆ శక్తిని వేడిగా మారుస్తుంది. అదనపు చక్రం, నీళ్ల డబ్బాలు, పనిముట్లు ఎక్కించగానే బండి కుంగితే స్ప్రింగు చాలలేదన్నమాట. గతుకులలో చాలాదూరం పోయిన తరువాతనే ఊగిసలాట హెచ్చితే, షాక్‌లోని నూనె వేడెక్కి పట్టు సడలిందన్నమాట. ఒక జబ్బు మందు మరొక దానికి పనికిరాదు.

పొడవైన ఏ-ఆర్మ్‌లు అమర్చితే బండి వెడల్పై, బోల్తాపడే భయం తగ్గుతుంది. అయితే మీట పొడవు పెరిగినట్లే గనుక స్ప్రింగు మరింత గట్టిది కావాలి. ఇరుసులూ పొడవైనవి కావాలి. 2007లో వెలువడిన తొలి పొలారిస్ ఆర్‌జెడ్‌ఆర్ వెడల్పు 50 అంగుళాలు. అక్కడి అనేక అడవి బాటలలో వాహనాల వెడల్పుకు హద్దు కూడా అంతే. వెడల్పు పెంచిన బండికి ఆ బాటలలో ప్రవేశం ఉండదు.

ఇక ఎత్తు పెంచే లిఫ్ట్ కిట్ రాళ్ల నుంచి బండి అడుగుభాగాన్ని కాపాడుతుంది. కాని గరిమనాభి పైకి జరగడం వల్ల పక్కవాలులో బోల్తా ప్రమాదం పెరుగుతుంది.

కనుక ప్రయాణానికి సిద్ధమైన బండిని మనుషులతో, సామానుతో సహా తూచి, ఆ తూకానికి తగిన స్ప్రింగును ముందుగా ఎన్నుకోవడం వివేకం. ఎంపిక పొరపాటైతే నష్టపోయేది డబ్బు ఒక్కటే కాదు. పక్కసీటులోని మనిషి ప్రాణం కూడా దానిపైనే ఆధారపడి ఉంటుంది.