గడ్డి మందా.. మరిగే నీళ్లా? పార్కింగ్ టైల్స్ మధ్య మొలిచే కలుపుకి అసలు మందు ఏంటి?

వానలు మొదలైతే చాలు.. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో, ఇంటి ముందు పేవర్ బ్లాకుల సందుల్లో, కాలనీ ఫుట్‌పాత్‌ల మీద పచ్చగా గడ్డి లేచేస్తుంది. దీంతో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మాట. "వాచ్‌మన్‌కి చెప్పి గడ్డి మందు కొట్టించండి." విత్తనాల షాపులో డబ్బా దొరుకుతుంది. వీపుకి తగిలించుకునే స్ప్రేయర్ అద్దెకొస్తుంది. వారంలో గడ్డి మాడిపోతుంది. పని అయిపోయిందని అందరూ అనుకుంటారు.

కానీ మిగిలిన మందు ఎక్కడ ఉంది? కొట్టిన మనిషి చేతికి గ్లౌజులు ఉన్నాయా? సాయంత్రం అదే టైల్స్ మీద పిల్లలు ఆడుకున్నారా? ఈ ప్రశ్నలు గ్రూపుల్లో పెద్దగా కనిపించవు. ఐరోపాలో మాత్రం ఇవే ప్రశ్నలు చట్టాల వరకూ వెళ్లాయి. అక్కడ చాలా నగరాలు మందు పక్కన పెట్టి వేడిని నమ్ముకున్నాయి. మరిగే నీళ్లు, ఆవిరి, వేడి నురగ, గ్యాస్ మంట.. ఇవే ఇప్పుడు అక్కడి రోడ్ల మీద కలుపు తీసే సాధనాలు. మరి ఈ పద్ధతి నిజంగా పనిచేస్తుందా? మన దగ్గర వాడొచ్చా? ఖర్చెంత, రిస్క్ ఎంత?

ఫ్రాన్స్‌లో ఏం జరిగింది?

ఫ్రాన్స్‌లో 2014లో ఒక చట్టం వచ్చింది. సెనేటర్ జోయెల్ లాబే ముందుండి తెచ్చింది కాబట్టి దాన్ని 'లాబే చట్టం' అనే పిలుస్తారు. దాని ప్రకారం 2017 జనవరి 1 నుంచి పార్కులు, రోడ్లు, నడక దారుల్లాంటి ప్రభుత్వ స్థలాల్లో రసాయన పురుగుమందులు, కలుపు మందులు వాడటం దాదాపు ఆగిపోయింది. 2019 జనవరి 1 నుంచి ఇళ్లలో తోటపని చేసుకునే సామాన్యులకు వీటి అమ్మకం, వాడకం కూడా బంద్ అయింది. 2022 జులై 1 నుంచి నివాస సముదాయాల ఉమ్మడి స్థలాలు, హోటళ్లు, శ్మశానాలకు కూడా ఈ నిషేధాన్ని పొడిగించారు. అంటే మన అపార్ట్‌మెంట్ అసోసియేషన్ లాంటివీ దీని పరిధిలోకి వచ్చేశాయన్నమాట.

జర్మనీలో రూల్ మరోలా ఉంది. టైల్స్ వేసిన ముంగిళ్లు, గ్యారేజీ దారులు, ఫుట్‌పాత్‌ల మీద ప్రత్యేక అనుమతి లేకుండా కలుపు మందు కొట్టకూడదు. దీనికి కారణం సింపుల్. పొలంలో కొట్టిన మందు కొంతవరకైనా మట్టిలో ఆగుతుంది, అక్కడి సూక్ష్మజీవులు దాన్ని విరగ్గొడతాయి. సిమెంటు మీద కొట్టిన మందు అలా ఆగదు. ఒక్క వాన పడితే నేరుగా డ్రెయిన్‌లోకి, అక్కడి నుంచి చెరువుకో కాలువకో చేరిపోతుంది. హైదరాబాద్ లాంటి ఊళ్లలో వాన నీరు ఎటు పోతుందో తెలిసినవాళ్లకి ఈ లెక్క వేరే చెప్పక్కర్లేదు.

వేడి ఎలా చంపుతుంది?

చాలామంది అనుకునేట్టు మొక్కని కాల్చి బూడిద చేయడం కాదు. ఆకు లోపలి కణాలు సుమారు 60 నుంచి 70 డిగ్రీల సెల్సియస్ దాటితే తట్టుకోలేవు. కోడిగుడ్డు ఉడికినట్టే ఆకులోని ప్రొటీన్లు గడ్డకడతాయి, కణాల పొరలు పగిలిపోతాయి. నీరంతా బయటికి పోయి, కొన్ని గంటల్లోనే మొక్క వాలిపోతుంది.

అందుకే మంట వాడినా ఒకటి రెండు సెకన్లు తగిలితే చాలు. ఆకు నల్లబడేదాకా పట్టుకుని నిలబడటం గ్యాస్ దండగ. దీనికి ఓ చిన్న పరీక్ష ఉంది. వేడి తగిలి, చల్లారాక ఆకుని బొటనవేలు, చూపుడు వేలు మధ్య నొక్కి చూడాలి. వేలిముద్ర ముదురు పచ్చ రంగులో అచ్చుపడితే ఆ ఆకు పని అయిపోయినట్టే. అది నిలబడే ఉన్నా, పచ్చగానే కనిపించినా సరే.

ఏ కలుపుకి పనిచేస్తుంది? దేనికి చేయదు?

అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. వేడి పైభాగాన్నే చంపుతుంది. వేరు దాకా వెళ్లదు. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో ఉన్న లేత మొక్క అయితే ఒక్క దెబ్బకి పోతుంది. వయ్యారిభామ అని పిలుచుకునే పార్థీనియం కూడా మొలకగా ఉన్నప్పుడే వేడికి లొంగుతుంది. ముదిరి పూత వచ్చాక కష్టం. పైగా దాని పుప్పొడితో దురదలు, ఆయాసం వచ్చే ప్రమాదం ఉంది.

గరిక, తుంగ విషయం వేరు. గరిక నేలమీద, నేల లోపల కూడా పాకుతుంది. తుంగకి మట్టిలో గడ్డలుంటాయి. పైన ఎన్నిసార్లు మాడ్చినా కింది నుంచి మళ్లీ లేస్తాయి. గడ్డి జాతి మొక్కలకి ఎదిగే మొగ్గ నేలకి ఆనుకుని, ఒక్కోసారి నేల లోపలే ఉంటుంది. దాంతో మంట పైనుంచే వెళ్లిపోతుంది. గంగవాయిలి లాంటి దళసరి ఆకులున్నవి, నీరు నిల్వ చేసుకున్నవి కూడా మంటని బాగానే తట్టుకుంటాయి. ఇక గోడ పగుళ్లలో మొలిచే రావి, మర్రి మొక్కలకి వేడి నీళ్లు అసలు లెక్కే కాదు. వాటిని వేరుతో సహా తీసేయాల్సిందే.

కాబట్టి వేడి పద్ధతిలో ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం ఉండదు. సీజన్‌లో పలుమార్లు, మొక్క లేతగా ఉన్నప్పుడే చేయాలి. పైన ఆకు వచ్చిన ప్రతిసారీ చంపుతూ పోతే, కింద వేరులో దాచుకున్న తిండి మెల్లగా అయిపోతుంది. అప్పుడే మొండి కలుపు కూడా బలహీనపడుతుంది. ఐరోపా మున్సిపాలిటీల మీద ఖర్చు భారం పెరగడానికి ఇదే కారణం.

లెక్క చూద్దాం..

వేడికి ఇంధనం కావాలి. 30 డిగ్రీలున్న లీటరు నీటిని 98 డిగ్రీలకి తేవాలంటే సుమారు 285 కిలోజౌళ్ల శక్తి పడుతుంది. 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో ఉన్న శక్తిలో సగమే నీళ్లకి చేరిందనుకున్నా, దాదాపు 1,500 లీటర్లు మరిగించొచ్చు. చదరపు మీటరుకి 2 లీటర్లు పోస్తారనుకుంటే ఒక సిలిండర్‌తో 750 చదరపు మీటర్లు ఒక్కసారి పూర్తవుతుంది. అదే సీజన్‌లో నాలుగైదు సార్లు చేస్తే నాలుగైదు సిలిండర్లు. ఒక్కో సిలిండర్ మండితే గాల్లోకి దాదాపు 57 కిలోల కార్బన్ డయాక్సైడ్ వెళ్తుంది.

అంటే వేడి పద్ధతి పూర్తిగా 'గ్రీన్' ఏమీ కాదు. విషం బదులు ఇంధనం, నీరు ఖర్చవుతాయి. అయితే టైల్స్ మొత్తం తడపక్కర్లేదు. మొక్క ఉన్న సందులోనే పోస్తే ఈ లెక్క బాగా తగ్గుతుంది. ఐదారు బైకులు పట్టే ఇంటి ముంగిలికైతే వంటింట్లో మరిగించిన నీళ్లే చాలు.

ఇంకో ముఖ్యమైన పాయింట్. ఇంట్లో వాడే 14.2 కిలోల సబ్సిడీ సిలిండర్‌ని ఇలాంటి బర్నర్లకి, మెషీన్లకి తగిలించడం 2000 నాటి ఎల్పీజీ ఉత్తర్వు ప్రకారం తప్పు. గృహ అవసరాల సిలిండర్ వంటకే.

మన దగ్గర గడ్డి మందు సంగతేంటి?

మార్కెట్‌లో ఎక్కువగా వినిపించే పేరు గ్లైఫోసేట్. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2015 మార్చిలో దీన్ని 'బహుశా క్యాన్సర్ కారకం' అనే 2ఏ కేటగిరీలో చేర్చింది. అయితే ఈ కేటగిరీ అర్థం జాగ్రత్తగా చూడాలి. క్యాన్సర్ తెచ్చే గుణం ఉందా లేదా అన్నదే అది చెబుతుంది. ఎంత మోతాదుకి ఎంత ముప్పు అన్నది చెప్పదు. వేట మాంసం లాంటి రెడ్ మీట్ కూడా అదే కేటగిరీలో ఉంది. మరోవైపు అమెరికా పర్యావరణ సంస్థ, ఐరోపా ఆహార భద్రత సంస్థ వేరే అభిప్రాయానికి వచ్చాయి. ఐరోపా సమాఖ్య 2023 నవంబర్‌లో దీని అనుమతిని మరో పదేళ్లు పొడిగించింది. అంటే శాస్త్రవేత్తల మధ్య ఈ చర్చ ఇంకా ముగియలేదు.

మన దేశంలో 2018లో అనుమతి లేని హెచ్‌టీ పత్తి గొడవ ముదిరినప్పుడు ఏపీ, తెలంగాణ ప్రభుత్వాలు గ్లైఫోసేట్‌పై ఆంక్షలు పెట్టాయి. 2022 అక్టోబర్‌లో కేంద్ర వ్యవసాయ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ గ్లైఫోసేట్ వాడకూడదన్నదే దాని సారాంశం. మరి ఎలాంటి శిక్షణా లేని వాచ్‌మన్ చెప్పులేసుకుని, ముక్కుకి కర్చీఫ్ కట్టుకుని స్ప్రే చేయడం ఆ ఉత్తర్వు స్ఫూర్తికి ఎంత దూరమో చెప్పక్కర్లేదు.

అంతకంటే భయంకరమైనది పారాక్వాట్. ఐరోపా సమాఖ్యలో 2007 నుంచి దీనికి అనుమతి లేదు. మన దేశంలో కొన్ని నిర్దిష్ట పంటలు, నీటి కలుపు లాంటి అవసరాలకే అనుమతి ఉంది. ఇది కడుపులోకి వెళ్తే విరుగుడు మందు లేదు. కొద్దిగా లోపలికి పోయినా ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతింటాయి. తెలుగు రాష్ట్రాల్లో 'గడ్డి మందు తాగి' అనే మాట వార్తల్లో ఎన్నిసార్లు వినిపిస్తుందో తెలిసిందే. పార్కింగ్ పని అయ్యాక మిగిలిన మందు వాచ్‌మన్ గదిలో కూల్‌డ్రింక్ బాటిల్‌లోకి చేరితే, ఆ గదిలో చిన్న పిల్లలుంటే.. ఆ ఇంటికి వచ్చే ప్రమాదం ముందు టైల్స్ మధ్య గడ్డి ఎంత?

అలాగని వేడి సేఫ్ అనుకోవద్దు

98 డిగ్రీల నీళ్లు కాలి మీద పడితే చర్మం ఊడొస్తుంది. కాబట్టి మందు వద్దని అదే వాచ్‌మన్ చేతికి మరిగే బకెట్ ఇవ్వడం న్యాయం కాదు. మూసిన బూట్లు, మందపాటి గ్లౌజులు, మూత ఉన్న పొడవు ముక్కు కెటిల్ లాంటివి తప్పనిసరి. ఆ టైమ్‌లో పిల్లలు, పెంపుడు జంతువులు దగ్గర ఉండకూడదు.

మంట విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. ఐరోపాలో గ్యాస్ బర్నర్లతో కలుపు కాలుస్తుండగా పక్కనున్న చెట్ల కంచెలు అంటుకున్న ఘటనలు చాలానే ఉన్నాయి. మన పార్కింగ్‌లలో పెట్రోల్ బైకులు, ఈవీ చార్జింగ్ పాయింట్లు, సీసీ కెమెరాల వైర్లు, కొన్నిచోట్ల పైపు గ్యాస్ లైన్లు కూడా ఉంటాయి. వేసవిలో రాలిన ఎండాకులు సరేసరి. సెల్లార్‌లో, వాహనాల దగ్గర మంట ఆలోచనే వద్దు. ఖాళీ దారుల్లో వాడినా పక్కన నీళ్ల బకెట్ ఉండాలి. అయిపోయాక అరగంట ఆగి, ఎక్కడైనా నిప్పు రాజుకుంటోందా అని మళ్లీ చూడాలి.

టైల్స్‌కి కూడా నష్టం ఉంది. గ్రానైట్ పైపొర మంటకి పెచ్చులూడుతుంది. జారకుండా ఉండే 'ఫ్లేమ్డ్' గ్రానైట్‌ని తయారుచేసేది కూడా ఇలాగే. తడి పీల్చుకున్న రాయి, కాంక్రీటు కూడా ఒక్కసారిగా వేడెక్కితే చిట్లొచ్చు. నీళ్లతో ఈ భయం తక్కువ.

ఉప్పు చల్లడం, యాసిడ్ పోయడం లాంటి సొంత చిట్కాలు మాత్రం రెండు రకాలుగా నష్టం. ఉప్పు కాంక్రీటులోకి దిగి లోపలి ఇనుప చువ్వలకి తుప్పు పట్టిస్తుంది. పక్కనున్న చెట్లనీ ఎండబెడుతుంది. యాసిడ్ సిమెంటునే తినేస్తుంది.

మరి ఏం చేయాలి?

టైల్స్ మధ్య కలుపు ఎక్కువగా కింది నుంచి రాదు. సందుల్లో పేరుకున్న దుమ్ములో గాలికి పడిన విత్తనం మొలుస్తుంది. కాబట్టి మొదటి పని చీపురుది. వానలకి ముందే సందులు గీకి శుభ్రం చేసి, ఇసుకతోనో, వీలైన చోట సిమెంటుతోనో నింపితే సగం సమస్య అక్కడే తగ్గుతుంది.

రెండోది, వాన పడిన రెండు మూడు వారాల్లో లేత మొలకలు కనిపించగానే మరిగే నీళ్లు. నెలలు ఆగి, గడ్డి మోకాలు ఎత్తు పెరిగాక కాదు. మూడోది, గరిక, తుంగ, రావి మొక్కలకి చిన్న పార, గునపం, చేతి పని. కూలి ఖర్చు అవుతుంది. కానీ ఆ డబ్బు ఒక మనిషికి పనిగా వెళ్తుంది.

మట్టి దారులైతే ఏప్రిల్, మే ఎండనే వాడుకోవచ్చు. నేలని తడిపి, పారదర్శక పాలిథిన్ షీట్ బిగుతుగా కప్పి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేస్తే పైపొరలోని చాలా విత్తనాలు ఆ వేడికే చచ్చిపోతాయి. ఇజ్రాయెల్ శాస్త్రవేత్తలు 1970ల్లో ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతికి గ్యాస్ అక్కర్లేదు. మన ఎండలకి ఇది బాగా సరిపోతుంది. తుంగ గడ్డలకి మాత్రం ఇదీ అంతంతమాత్రమే.

మొత్తంగా చూస్తే.. వేడి ఖర్చు కనిపించే ఖర్చు. గ్యాస్ బిల్లు, కూలి, సమయం అన్నీ అసోసియేషన్ లెక్కల పుస్తకంలోకి వస్తాయి. గడ్డి మందు చవగ్గా అనిపించడానికి కారణం, దాని ఖర్చులో పెద్ద భాగం ఆ పుస్తకంలోకి రాకపోవడమే. స్ప్రే చేసిన మనిషి ఒంటి మీద, డ్రెయిన్ చివర ఉన్న చెరువు మీద ఆ భారం పడుతుంది. ఈసారి గ్రూపులో ఎవరైనా "మందు కొట్టించండి" అని మెసేజ్ పెడితే, కొట్టేది ఎవరు, మిగిలిన డబ్బా ఎక్కడ పెడతారు అని కూడా అడగాల్సిన అవసరం ఉంది.