ఎక్సెల్ పట్టికలో గల్లంతవుతున్న అంకెలు

* సర్వే నంబరు తేదీగా.. ఖాతా చివరి అంకె సున్నాగా..
* లెక్కల సాధనమే రికార్డుగా మారడంతో చిక్కులు

మండల కార్యాలయం మొదలుకొని సహకార సంఘం వరకు ఎక్సెల్ పట్టికతోనే జాబితాలు సిద్ధమవుతున్నాయి. కూడికలు క్షణాల్లో తేలడం, నేర్చుకోవడం సులువు కావడం ఇందుకు కారణం. అయితే లెక్కల కోసం రూపొందిన ఈ సాధనాన్ని శాశ్వత రికార్డుగా వాడుకోవడంతోనే సమస్య మొదలవుతోంది.

అడగకుండానే మార్పు

గడిని ముందుగా 'టెక్స్ట్‌'గా అమర్చకుండా సర్వే నంబరు 12/3 అని నమోదు చేస్తే ఎక్సెల్ దానిని తేదీగా భావిస్తుంది. కంప్యూటర్ అమరికను బట్టి అది మార్చి 12 కావచ్చు, డిసెంబరు 3 కావచ్చు. బ్యాంకు ఖాతా సంఖ్యకు ముందున్న సున్నాలు తొలగిపోతాయి. సంఖ్యల్లో 15 అంకెల వరకే భద్రపరుస్తుంది గనుక 16 అంకెల ఖాతాలో చివరిది సున్నా అవుతుంది. ఆ తర్వాత అమరిక మార్చినా పోయిన అంకె తిరిగి రాదు. ఆ ఒక్క అంకె తేడాతో రైతుకు అందాల్సిన పరిహారం నిలిచిపోయే ప్రమాదముంది. పేర్ల వరుసను మాత్రమే అక్షర క్రమంలోకి మార్చినా ఒకరి పేరు ఎదుట మరొకరి ఖాతా చేరుతుంది.

శాస్త్రవేత్తలకూ తప్పలేదు

'మార్చ్1' వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చివేస్తుండటంతో, జన్యు నామకరణ కమిటీ 2020 నాటికి ఆ పేర్లనే మార్చాల్సి వచ్చింది. కొన్ని రకాల మార్పులను నిలిపివేసుకునే వీలును మైక్రోసాఫ్ట్ 2023లో కల్పించింది. దానిని వాడుకునేవారే ఎంచుకోవాలి.

ఇంగ్లండ్ అనుభవం

2020 కరోనా సమయంలో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ ప్రయోగశాలల ఫలితాలను పాత ఎక్సెల్ రూపంలోని ఫైళ్లలోకి చేర్చింది. వాటిలో 65,536 వరుసలకే చోటుంది. మించిన వివరాలు చేరలేదు. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కల్లోకి రాలేదు. బాధితులకు ఫలితం తెలిసినా, వారితో మెలిగిన వారి గుర్తింపులో జాప్యం జరిగింది. 2007 నుంచి వచ్చిన కొత్త రూపంలో 10,48,576 వరుసలున్నా, దానికీ హద్దు ఉందన్నది గమనార్హం.

చేయాల్సిందేమిటి?

వేల మంది వివరాలను డేటాబేస్‌లో భద్రపరచడమే మేలు. ఖాతాకు ఎన్ని అంకెలుండాలో అందులో ముందే నిర్దేశించవచ్చు, ఒకే వ్యక్తి రెండుసార్లు చేరకుండా నిరోధించవచ్చు, ఎవరు ఎప్పుడు మార్చారో నమోదయ్యేలా చూడవచ్చు. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారే పట్టికకు ఏది అసలు ప్రతో తేల్చడమే కష్టం. పట్టిక తప్పనిసరైన చోట సర్వే, ఖాతా నంబర్ల గడులను ముందే 'టెక్స్ట్‌'గా మార్చాలి. జాబితాను పైకి పంపే ముందు పాసుపుస్తకాలతో సరిచూడాలి. పట్టికలో దొర్లిన తప్పుకు లబ్ధిదారుడు కార్యాలయాల చుట్టూ తిరగాల్సి రావడం ఎంతమాత్రం సమంజసం కాదు.