అడ్డగీత చెప్పని అవధి: రేనాటి పరిశోధనా రచనలో కాల, స్థల సూచన

తెలుగు పరిశోధనా వ్యాసాలలో రెండు అంకెల నడుమ గీసే అడ్డగీతను అచ్చుకు సంబంధించిన అల్ప విషయంగా భావించడం పరిపాటి. రేనాటి శాసనాల విషయంలో ఆ గీత వాక్యార్థాన్నే తారుమారు చేస్తున్నది. ప్రొద్దుటూరుకు సమీపంలో, ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లలో లభించిన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనంలో శకసంవత్సరం లేదు. సుమారు క్రీ.శ. 575 అన్నది లిపిని బట్టి చేసిన నిర్ణయం. దాని పక్కన ‘575–600’ అని రాస్తే పాఠకుడు ఏమని గ్రహించాలి? రాజు ఇరవై అయిదేళ్లు పాలించాడనా, శాసనం వేయించిన రోజు ఆ ఇరవై అయిదేళ్లలో ఎక్కడో ఉన్నదనా? మొదటిది వ్యవధి, రెండవది సందిగ్ధత. ‘575 నుండి 600 వరకు’, ‘575కూ 600కూ నడుమ’ అని రెండింటినీ వేరుచేసి చెప్పగల శక్తి తెలుగుకు ఉన్నది. ఆ శక్తిని వదులుకొని గీతను ఆశ్రయించడం క్లుప్తత కాదు, నిర్ణయాన్ని దాటవేయడం.

జనన మరణ సంవత్సరాల మాటేమిటని ఆక్షేపించవచ్చు. ప్రొద్దుటూరులో చిరకాలం నివసించిన పుట్టపర్తి నారాయణాచార్యుల పేరు పక్కన (1914–1990) అని రాస్తే చిక్కు లేదు. రెండు కొసలూ తెలిసినవే. వేమన పేరు పక్కన తరచు అచ్చయ్యే (1652–1730) సంగతి వేరు. ఆయన కాలంపై పండితుల వివాదం నేటికీ తెగలేదు. అయినా రెండుచోట్లా గీత ఒక్కటే, అది ఇచ్చే భరోసా కూడా ఒక్కటే.

ఈ గీత ఆంగ్ల ముద్రణ నుండి వచ్చినది. తాళపత్రాలకు దీనితో పరిచయం లేదు. ఆంగ్లంలోనైనా ‘ఫ్రమ్’ అని మొదలుపెడితే ‘టు’తో ముగించాలనీ, ‘బిట్వీన్’ తరువాత ‘అండ్’ రావాలనీ, ఆ మాటల సరసన గీత పనికిరాదనీ శైలీ గ్రంథాలు నియమం చేశాయి. మనం గీతను తెచ్చుకొని నియమాన్ని అక్కడే వదిలివచ్చాము. ‘1820 నుండి–1829’, ‘1820–1829 వరకు’ వంటి ప్రయోగాలు సిద్ధాంత గ్రంథాలలోనూ దొర్లుతున్నాయి. పైగా తెలుగుకు ‘అయిదారు’, ‘ఏడెనిమిది’ వంటి అంచనా సమాసాలు ఉన్నాయి. ‘5–6 ప్రతులు’ అన్నప్పుడు అది ‘అయిదారు ప్రతులు’ అనే అంచనాయో, అయిదవ, ఆరవ ప్రతులో తెలియదు. పాఠపరిష్కర్తకు ఈ తేడా ప్రాణప్రదం.

ఊళ్ల పేర్ల నడుమ గీత మరింత ప్రమాదకరం. ‘ప్రొద్దుటూరు–జమ్మలమడుగు–పులివెందుల మాండలికం’ అన్న శీర్షికకు అర్థమేమి? సమాచారం మూడు పట్టణాలలోనే సేకరించారా? నడుమ ఉన్న ముద్దనూరు, ఎర్రగుంట్ల పల్లెలను కూడా చుట్టివచ్చారా? మొదటిదైతే ‘ఈ మూడు పట్టణాలలో’ అనాలి. రెండవదైతే పల్లెలను పేర్కొనాలి. లేకుంటే పట్టణపు సంతలో విన్న మాట పల్లెమాటగా చలామణి అవుతుంది. ఆ సీమ రైతు ‘జమ్మలమడుగు కాడ్నించి ముద్దనూరు దాకా’ అన్నప్పుడు రెండు కొసలూ, నడుమనున్న నేలా స్పష్టంగా తెలుస్తాయి. అదే నేల భాషను పరిశీలించే గ్రంథ శీర్షికలో ఆ మాత్రం స్పష్టత లేకపోవడం విడ్డూరం.

పట్టికల ఇరుకు గడులలో గీతను అంగీకరించక తప్పదు. అక్కడైనా అది వ్యవధియో, అంచనాయో పట్టిక తలకట్టులోనే తెలపాలి.