సెలీనియం మాత్రలు – రక్త క్యాన్సరు

సెలీనియం మా వృత్తిలోని వారికి పరాయి మూలకం కాదు. రాగిని విద్యుద్విశ్లేషణతో శుద్ధి చేసేటప్పుడు తొట్టి అడుగున పేరుకొనే మడ్డి నుండి దీనిని రాబడతారు. యంత్రాలపై సులువుగా కోతకు వచ్చేందుకు కొన్ని రకాల ఉక్కులో రవంత కలుపుతారు. 1817లో దీనిని కనుగొన్న స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్, చంద్రునికి గ్రీకు భాషలో ఉన్న పేరును దీనికి పెట్టినాడు.

ఇప్పుడు ఈ పేరు మన టౌన్‌షిప్పు ఇళ్ళలో కూడా వినబడుతున్నది. ఇంటిలో ఒకరికి రక్త క్యాన్సరని తేలగానే, పరామర్శకు వచ్చిన బంధువు "సెలీనియం మాత్రలు వాడండి, ఒంట్లో శక్తి నిలుస్తుంది" అని చెప్పడం, దిగులుతో ఉన్న ఆ కుటుంబం వైద్యునికి చెప్పకుండానే కొనడం మేము ఎరుగుదుము. ఈ నెల ఆ విషయమే ముచ్చటించదలచినాము.

ఆ సలహాకు మూలం లేకపోలేదు. 1956లో వైస్‌బర్గర్, సూర్‌లాండ్ అనే అమెరికన్ వైద్యులు నలుగురు ల్యుకేమియా రోగులకు సెలీనియం సిస్టీన్ అనే సమ్మేళనాన్ని ఇచ్చి చూసినారు. తెల్లకణాల సంఖ్య వేగంగా పడిపోయినది. కాని వికారం, వాంతులు మితిమీరడంతో దానిని కొనసాగించడం సాధ్యపడలేదు. ఆ తరువాత సెలీనియం సమ్మేళనాలపై పరిశోధనలు ఎన్నో జరిగినవి. అయినను ల్యుకేమియాకు నేడు ఇచ్చే ప్రామాణిక చికిత్సలో సెలీనియానికి చోటు దొరకలేదు. పైగా 2022లో వెలువడిన ఒక పరిశోధన మరొక కోణం చూపినది. ఎ.ఎమ్.ఎల్. అనే తీవ్రమైన రక్త క్యాన్సరు కణాలు తమ మనుగడకు సెలీనియం మీదనే ఆధారపడుతున్నవనీ, ఎలుకల ఆహారంలో దానిని తగ్గిస్తే వ్యాధి మందగించినదనీ అందులో తేలినది. ఎలుకలలో కనబడినది మనుషులలోనూ జరుగుతుందని చెప్పలేము. కాని రోగికి బలమని మనం ఇచ్చేది రోగానికి కూడా బలం కావచ్చునన్న అనుమానం తేలికగా తీసుకోదగినది కాదు.

ఈ అనుమానం వెనుక ఒక తెలుగువాని చరిత్ర ఉన్నది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలలో పనిచేస్తుండగా, ఆయన బృందం 1940లలో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారు చేసినది. రక్తహీనతకు, స్ప్రూ వ్యాధికి అది దివ్యౌషధం. ఆయన సోదరులను బలిగొన్నది ఆ స్ప్రూయే. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అటువంటి సమ్మేళనాలనే ల్యుకేమియా పిల్లలకు ఇవ్వగా, వ్యాధి తగ్గడానికి బదులు వేగం పుంజుకొన్నట్లు ఆయనకు తోచినది. విటమినుతో పెరిగేది దాని కొరతతో తగ్గాలి గదా! సుబ్బారావు గారి బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని పోలిన నకిలీ అణువులను తయారు చేసి పంపినది. తాళంలో దూరి తిరగని తాళపుచెవి వంటివి అవి. కణానికి విభజన సాగదు. 1948 జూన్‌లో ఫార్బర్ ప్రకటించిన ఫలితాలలో, అమినోప్టెరిన్ పొందిన 16 మంది పిల్లలలో 10 మందికి వ్యాధి తాత్కాలికంగా ఉపశమించినది. ఆ ఆగస్టులోనే సుబ్బారావు గారు కన్నుమూసినారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ నేటికీ పిల్లల ల్యుకేమియా చికిత్సలో ముఖ్యమైన మందు.

సెలీనియం మోతాదు సంగతి కూడా చెప్పవలసి ఉన్నది. పెద్దవారికి రోజుకు కావలసినది సుమారు 55 మైక్రోగ్రాములు. 400 దాటరాదని అమెరికా నిపుణుల నిర్ణయం. 2008లో ఆ దేశంలో ఒక ద్రవరూప టానిక్కులో, లేబులుపై చూపినదానికి దాదాపు 200 రెట్లు సెలీనియం పడినది. సుమారు 200 మందికి జుట్టు ఊడిపోయి, గోళ్ళు పాడై, విరేచనాలు పట్టుకొన్నవి. స్పెక్ట్రోమీటరు రిపోర్టు చూడకుండా లాడిల్‌లో పిడికెడు మాంగనీసైనా వేయని మనవారు, లోపం ఉన్నదో లేదో రక్తపరీక్షతో తేల్చుకోకుండా ఈ మాత్రలను మింగడం మాకు వింతగా తోస్తుంది.

మెథోట్రెక్సేట్ పెద్ద మోతాదులో ఇచ్చిన తరువాత, ఆరోగ్యకణాలను కాపాడడానికి ఫోలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టమైన లూకోవోరిన్‌ను వైద్యులే ఇస్తారు; అయితే గంటలు లెక్కించి, రక్తంలో మందు ఎంత మిగిలినదో కొలిచి ఇస్తారు. ఆ లెక్క నడుస్తుండగా ఇంటిలో మరొక టానిక్కు చేరితే వైద్యునికి తెలిసే దారి లేదు. సెక్టార్ 9 ఆసుపత్రికి వెళ్ళినా, రాయపూర్ వెళ్ళినా, రోగి వాడే ప్రతి సీసాను, ప్రతి మాత్రల పట్టీని, ఆయుర్వేద లేహ్యంతో సహా, ఒక సంచిలో వేసుకొని వెళ్ళి వైద్యుని బల్లపై పెట్టండి.